పెరుగన్నంలో మామిడిపండు వింతేమీ కాదు: దిబ్బరొట్టె–పానకం నుంచి భక్ష్యాలు–పచ్చిపులుసు దాకా

పెరుగన్నంలో మామిడిపండు నంజుకుంటుంటే హాస్టల్లో అందరూ వింతగా చూస్తున్నారనీ, తీపినీ ఉప్పుకారాలనీ కలిపి తినే జోడీలు మన ఊళ్ళలో ఇంకేమున్నాయనీ, అసలవి ఎందుకు బాగుంటాయనీ అడిగారు. నేను పుట్టి పెరిగింది పశ్చిమ గోదావరిలో, మెట్టినిల్లు కరీంనగర్ వైపు. రెండు చోట్లా వంటింట్లో మసలినదాన్ని కాబట్టి ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

మన భోజనంలో తీపి అనేది చివర్లో వచ్చేది కాదు. పాతకాలపు పెళ్ళి విస్తరి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కూరలూ పచ్చళ్ళూ వడ్డించే వరసలోనే బూరె పడుతుంది, దాని పక్కనే పులిహోర పడుతుంది. బూరెకి చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని ముందే తినేసేవాళ్ళుంటారు. పులిహోర రెండు ముద్దలు, బూరె ఒక ముక్క, మళ్ళీ పులిహోర, ఇలా తినేవాళ్ళూ ఉంటారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు. అన్నీ అయ్యాక చివర్లో ఐస్‌క్రీమ్ కప్పు చేతిలో పెట్టడం క్యాటరింగ్‌లు వచ్చాక అలవాటైన పద్ధతి. ఆ వరసకి అలవాటు పడినవాళ్ళకే మీ మామిడిపండు వింతగా కనిపిస్తోంది.

ఇక జోడీల విషయానికొస్తే, నా లెక్కలో వీటన్నిటికీ పెద్దన్న దిబ్బరొట్టె–పానకం. పానకం అంటే శ్రీరామనవమికి మిరియాలు, ఏలకులు వేసి ఇచ్చేది కాదు. చెరుకురసం కాచేటప్పుడు ఇంకా బెల్లం కట్టకముందు, తేనెలా జారే దశలో దించిన పాకం. సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా చెరుకు ఆడే రోజుల్లో, బెల్లం వండే చోటికి క్యాన్ పట్టుకెళ్ళి పోయించుకొచ్చేవాళ్ళు మా నాన్న. ఆ క్యాన్ ఇంటికొచ్చిన రోజు రాత్రే మినప్పప్పు నానబోసేది అమ్మ.

దిబ్బరొట్టెకి ఒక గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పప్పు గట్టిగా రుబ్బుకోవాలి, నీళ్ళు ఎక్కువైతే రొట్టె నిలబడదు. కడిగి పిండిన రవ్వ అందులో కలిపి ఉప్పు, జీలకర్ర వేయాలి. ఇనుప మూకుడులో నూనె ధారాళంగా పోసి, కాగాక పిండి మందంగా వేసి, మూత పెట్టి, మంట బాగా తగ్గించేయాలి. ఇక్కడ తొందర పనికిరాదు. మంట పెంచితే అడుగు మాడుతుంది, నడుమ పచ్చిగా ఉండిపోతుంది. మినప్పప్పు వేగిన వాసన వీధి గుమ్మం దాకా వచ్చి, అంచులు ఎర్రబడి మూకుడు నుంచి విడుతుంటే అప్పుడు తిప్పాలి. గరిటె వెనకవైపుతో కొడితే టకటకమని చప్పుడు రావాలి.

తినేటప్పుడు చాకుతో కోయకండి, చేత్తో విరవండి. విరిచిన చోట లోపలంతా గుల్లగా ఉంటుంది, పానకంలో ముంచగానే పీల్చుకుంటుంది. పైన పెచ్చు మాత్రం తడవకుండా కరకరలాడుతూనే ఉంటుంది. నోట్లో పెట్టుకుంటే ముందు చెరుకు తీపి, ఆ వెనకే నూనెలో వేగిన ఉప్పుటి పెచ్చు, మధ్యలో ఎక్కడో ఒక జీలకర్ర గింజ. ఈ మధ్య కొన్ని టిఫిన్ సెంటర్లలో పానకాన్ని రొట్టె మీద పోసి ఇస్తున్నారు. నాకది అస్సలు నచ్చదు. పెచ్చు నానిపోయాక ఇంక ఆ రొట్టెని అంతసేపు కాల్చి ప్రయోజనం ఏముంది? పానకం విడిగా చిన్న గిన్నెలో ఉండాలి, ఎంత ముంచుకోవాలో తినేవాళ్ళే చూసుకోవాలి. అదే పానకాన్ని మా వాళ్ళు పొట్టిక్కలతో కూడా తింటారు. పొట్టిక్కలంటే పనసాకుల్ని పుల్లలతో బుట్టల్లా కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే ఇడ్లీలు. కోనసీమలో అంబాజీపేట వీటికి పేరు. వేడి మీద ఆకు విప్పితే వచ్చే పనసాకు వాసనకి పానకం ఎంత బాగా కుదురుతుందో తింటేగానీ తెలియదు.

కరీంనగర్ వచ్చాక నాకు పరిచయమైన జోడీ భక్ష్యాలు–పచ్చిపులుసు. ఉగాది రోజు అత్తయ్య ఒకవైపు శనగపప్పు పూర్ణం పెట్టి భక్ష్యాలు కాలుస్తూనే, నన్ను పచ్చిమిరపకాయలు నిప్పుల మీద కాల్చమన్నారు. నానిన చింతపండు పిండి, ఆ రసంలో కాల్చిన మిర్చి, ఉప్పు వేసి చేత్తో నలిపారు. సన్నగా తరిగిన ఉల్లిపాయ, కొత్తిమీర, వేయించి దంచిన నువ్వుల పొడి వేసి, పైన పోపు పెట్టారు. పొయ్యి మీద మరిగించే పనే లేదు. మామయ్య నెయ్యి రాసిన భక్ష్యం ఒక తుంట తిని, గిన్నె ఎత్తి పచ్చిపులుసు ఒక గుక్క తాగారు. మళ్ళీ భక్ష్యం, మళ్ళీ గుక్క. మా గోదావరి వైపు బొబ్బట్టు మీద నెయ్యి పోసుకుని ఒకటి తినేసరికే మొహం మొత్తుతుంది. ఇక్కడ అలా కాదు. పులుపూ కారమూ నాలుకని కడిగేస్తాయి, తర్వాతి తుంట మళ్ళీ మొదటి తుంటలాగే ఉంటుంది. పండగ పూట కడుపు నిండా తీపి తినడానికి ఇంతకంటే మంచి పద్ధతి నేను చూడలేదు.

రాయలసీమలో, కర్ణాటక సరిహద్దు ఊళ్ళలో ఇదే ఆలోచన ఇంకో దారిలో నడిచింది. ఓళిగల (అక్కడి బొబ్బట్ల) కోసం శనగపప్పు ఉడికించిన నీళ్ళు పారబోయరు. ఆ కట్టులో చింతపండు రసం, కారం, కాస్త పూర్ణం కూడా కలిపి చారు కాస్తారు. మహారాష్ట్రలో పూరన్ పోళీతో పాటు చేసే కటాచి ఆమ్టీ కూడా ఇలాంటిదే. ఒకే పప్పు నుంచి తీపీ, దాని పక్కన పులుపూ రెండూ వచ్చేస్తాయి. వృథా చేయని ఇల్లాళ్ళ తెలివి ఇది, దీనికి నేను నమస్కారం పెడతాను.

ఇక మీ పెరుగన్నం. ఇక్కడ పట్టింపులు కొన్ని ఉన్నాయి. పెరుగు పులిసి ఉండకూడదు. పులిసిన పెరుగుకి ఆవకాయ, మాగాయ ఉన్నాయి, మామిడిపండుతో అది గొడవ పడుతుంది. అన్నం మెత్తగా వండి, కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడే పాలూ పెరుగూ కలిపి ఉంచుకుంటే కమ్మగా ఉంటుంది. ఉప్పు తప్పకుండా వేయాలి, అది లేకపోతే జోడీయే లేదు. బంగినపల్లి అయితే ముక్కలు కోసుకుని ముద్దకో ముక్క. చిన్నరసాలైతే కోయడం దండగ, పండుని మెత్తగా పిసికి తొడిమ దగ్గర కొరికి, ఒక ముద్ద తినడం, ఒకసారి జుర్రుకోవడం. రసాన్ని అన్నంలోనే పిండి కలిపేసేవాళ్ళూ ఉన్నారు. పిల్లలకి అలా పెడితే మారాం చేయకుండా తింటారు కానీ, నాకు మాత్రం తెల్లటి ముద్దా పసుప్పచ్చటి పండూ విడివిడిగా ఉంటేనే ఇష్టం. మామిడి లేని నెలల్లో అరటిపండు. చక్కెరకేళి అయితే మరీ మంచిది. ఏదీ లేకపోతే చిన్న బెల్లం ముక్క కొరుక్కుంటూ పెరుగన్నం తినేవారు మా తాతయ్య, వేసవి మధ్యాహ్నాలు.

ఇవి కాక, తీపి లోపలే దాక్కున్నవి కొన్ని ఉన్నాయి. పెసరట్టులోకి చేసే అల్లప్పచ్చడిలో బెల్లం పడకపోతే అల్లం ఘాటు నాలుకని నిలవనివ్వదు. తీపి గుమ్మడికాయ, చిలగడదుంప వేసిన దప్పళంలో కూడా అంతే. చింతపండు పులుపుకి తగ్గ బెల్లం వేసి ముద్దపప్పుతో తింటే ఆ పూట ఇంకో కూర అక్కర్లేదు. పులుసులో బెల్లం వేస్తామని మా గోదావరి వాళ్ళని అందరూ ఏడిపిస్తుంటారు, వేస్తాం మరి. బెల్లం ఆవకాయ సంగతి వేరే చెప్పాలి. మామూలు ఆవకాయలాగే ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలుపుతూ బెల్లం కూడా చేర్చి, మూడో రోజు ముక్కలనీ ఊటనీ ఎండలో పెడతారు. ఎండకి ఊట చిక్కబడి ముక్కకి జిగురుగా పట్టుకుంటుంది. ఆ ముక్క ఉప్మాలోకి నంజుకుని చూడండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు రోజూ తింటూ కూడా గమనించనిది ఒకటి ఉంది, ఉస్మానియా బిస్కట్. నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన ఈ బిస్కట్‌లో తీపి వెనక ఉప్పు స్పష్టంగా తెలుస్తుంది. ఇరానీ చాయ్‌లో ముంచితే ఇంకా బాగా తెలుస్తుంది.

ఎందుకు బాగుంటాయని కదా అడిగారు. ఉప్పు కొద్దిగా తగిలితే చేదు అణిగి తీపి పైకి తేలుతుంది. పుచ్చకాయ మీద చిటికెడు ఉప్పు చల్లుకునేది అందుకే. మిరపకాయ మంటని చక్కెర కొంత తగ్గిస్తుంది, పాలూ పెరుగూ కూడా తగ్గిస్తాయి. పులుపూ తీపీ ఒకదాన్నొకటి ముదరనివ్వవు. దీనికి తోడు కరకరలాడేదాని పక్కన జారేది, వేడిదాని పక్కన చల్లనిది ఉంటే నాలుకకి విసుగు రాదు. దిబ్బరొట్టె పెచ్చూ పానకమూ అంత బాగా కలవడానికి కారణం ఒక్క రుచే కాదు, నోట్లో వాటి తీరు వేరవడం కూడా.

మీ రూమ్మేట్స్ ఎక్కడివాళ్ళో చెప్పలేదు. గుజరాత్ వాళ్ళయితే శనగపిండితో చేసే ఉప్పటి ఫాఫ్‌డాతో జిలేబీ ఎందుకు తింటారో అడగండి. ఇందౌర్ వాళ్ళయితే పొద్దున్నే పోహా (అటుకుల ఉప్మా), జిలేబీ ఒకే ప్లేట్‌లో పెట్టించుకుంటారు. వాళ్ళ జోడీ మీరు తినండి, మీది వాళ్ళకి పెట్టండి.

హాస్టల్లో దిబ్బరొట్టె కుదరదు కానీ పానకం కుదురుతుంది. మంచి నల్లబెల్లం తురిమి, మునిగీ మునగనన్ని నీళ్ళు పోసి కరిగించండి. వడకట్టి, మళ్ళీ పొయ్యి మీద పెట్టి, తీగపాకం రాకముందే దించేయండి. చల్లారాక కాస్త చిక్కబడుతుంది కాబట్టి వేడి మీద పల్చగా ఉందని కంగారు పడకండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మెస్‌లో ఇచ్చే ఇడ్లీకీ, గట్టిపడిన దోసెకీ కూడా పనికొస్తుంది. పంచదారతో మాత్రం చేయకండి, అందులో ఉత్త తీపి తప్ప బెల్లానికుండే ఆ కాస్త ఉప్పదనం, చెరుకు వాసన రావు.