145 రూపాయల డబ్బా, 40 వేల చెక్కు: సంతకం పెట్టాలా?

ప్రశ్న: నేను హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్ని. జీతం నెలకు 24,000. మా ఆయన స్పేర్‌పార్ట్స్ షాపులో పనిచేస్తారు. రెండు నెలల కింద ఒక ఆదివారం సూపర్‌మార్కెట్ నుంచి తెచ్చిన పుట్టగొడుగుల డబ్బాతో పులావ్ చేశాను. తిన్న మూడు గంటల్లోపే నాకు, బాబుకు, మా అత్తమ్మకు వాంతులు మొదలయ్యాయి. మేమిద్దరం ఒక రోజులో తేరుకున్నాం. అత్తమ్మకు 64 ఏళ్లు, షుగర్ ఉంది. ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలకు వచ్చింది. ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంది, అందులో రెండు రోజులు ఐసీయూ. బిల్లు 1,92,400 అయితే ఇన్సూరెన్స్ వాళ్లు 1,21,600 కట్టారు. మిగతాదానికి నా గొలుసు కుదువబెట్టి 60,000 తెచ్చాం. మూడు వారాల తర్వాత సూపర్‌మార్కెట్ నుంచి మెసేజ్ వచ్చింది: ఆ బ్యాచ్‌లో స్టాఫిలోకాకస్ విషం బయటపడింది, కంపెనీ వెనక్కి తీసుకుంటోంది, డబ్బా తెచ్చి డబ్బులు పట్టుకెళ్లండి అని. ఫోన్ చేసి గట్టిగా అడిగితే కంపెనీ మనిషి ఇంటికొచ్చాడు. "మీరు సరిగా ఉడికించి ఉండరు. అయినా మానవత్వంతో 40,000 ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అన్నాడు. తెలిసిన లాయర్ ఒకాయన 25,000 ఫీజు, పైన వచ్చినదాంట్లో 30 శాతం అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడేమో కోట్లకు దావా వేయమంటున్నాడు. బాబు చదువుకని కడుతున్న ఆర్‌డీలో 45,000 ఉంది. మేమేం చేయాలి? అదే రకం డబ్బా ఇంకొకటి తెరవకుండా ఇంట్లోనే ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం చివర రాశారు. ఆ రెండో డబ్బా వాపసు ఇవ్వకండి. 145 రూపాయల కోసం మీ కేసు మొత్తాన్ని సూపర్‌మార్కెట్ కౌంటర్ మీద పెట్టి వచ్చినట్టవుతుంది. ఇంట్లో వాళ్ల చేతికి అందకుండా కవర్లో చుట్టి, పైన "తెరవొద్దు" అని రాసి, వంటింట్లో కాకుండా అటక మీదో బీరువాలోనో పెట్టండి. అంతకంటే ముందు ఫొటోలు తీయండి. డబ్బా మూత మీదో అడుగునో చిన్న అక్షరాల్లో కొట్టి ఉండే బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, లేబుల్ మీది లైసెన్స్ నంబర్ స్పష్టంగా కనపడాలి.

బ్యాచ్ నంబర్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 2006 నాటి ఆహార భద్రత చట్టంలో 26వ సెక్షన్ చదవండి. ఒక బ్యాచ్‌లో కొంత సరుకు ప్రమాదకరమని తేలితే ఆ బ్యాచ్ మొత్తం ప్రమాదకరమనే అనుకోవాలి, పూర్తిగా పరీక్షించి మిగతాది బాగానే ఉందని తేలితే తప్ప. మీరు తిన్న డబ్బా చెత్తబండిలో పోయింది. అయినా రెండూ ఒకే రోజు, ఒకే బిల్లులో కొన్నవి. ఉన్నదాని మీది నంబర్, రీకాల్ మెసేజ్‌లోని నంబర్ ఒకటే అయితే పోయిన డబ్బా తరఫున కూడా ఇదే మాట్లాడుతుంది. బిల్లు పారేశామని కంగారు పడకండి. ఆ మెసేజ్ మీకే ఎందుకొచ్చింది? బిల్లింగ్‌లో మీ ఫోన్ నంబర్ ఉంది కాబట్టి. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, షాపులో డూప్లికేట్ బిల్లు కూడా అడగండి.

ఇప్పుడు లెక్క. మీ జేబులోంచి పోయిన ఆస్పత్రి డబ్బు 70,800. డిశ్చార్జ్ తర్వాత మందులకు, పరీక్షలకు 8,200 అయిందని మీరు జతచేసిన కాగితాల్లో ఉంది. మీకూ బాబుకూ ఓపీ ఖర్చు 1,800. అత్తమ్మ గారి దగ్గర ఉండటానికి మీరు 9 రోజులు సెలవు పెడితే రోజుకు 800 చొప్పున 7,200 కోసుకున్నారు. అన్నీ కలిపి 88,000. బంగారం మీద వడ్డీ నెలకు 600 వేరు. ఇందులో బాధకు, భయానికి, ఐసీయూ బయట కూర్చున్న రెండు రాత్రులకు ఒక్క రూపాయి కూడా కట్టలేదు. అంటే కంపెనీ మనిషి తెచ్చిన 40,000 మీ అసలు ఖర్చులో సగానికి కూడా రాదు.

అది తక్కువన్నది ఒక సంగతి, ఆ కాగితం ఇంకో సంగతి. మీరు పంపిన ఫొటోలో మూడో పేరా చూడండి: "ఈ మొత్తంతో నాకు, నా కుటుంబ సభ్యులకు ఇప్పుడు గానీ ఇకమీదట గానీ ఏ విధమైన క్లెయిమూ లేదు." ఇకమీదట అనే మాట దగ్గరే ఆగాలి. అత్తమ్మ గారి డిశ్చార్జ్ సమ్మరీలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష) 1.8 అని ఉంది. అది మళ్లీ మామూలుకు వచ్చిందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు. నేను డాక్టర్ని కాదు. కానీ షుగర్ ఉన్న మనిషి కిడ్నీలు ఎంతవరకు కోలుకున్నాయో డాక్టర్ చెప్పకముందే "ఇకమీదట ఏమీ లేదు" అని రాసివ్వడం, ధర తెలియని సరుకును మూటగట్టి అమ్మేయడమే. ముందు ఆ పరీక్ష చేయించండి. కంపెనీ తొందర కంపెనీది.

సరిగా ఉడికించలేదన్న మాట వినగానే మీరు కొంచెం తగ్గినట్టు ఉత్తరంలో తెలుస్తోంది. తగ్గాల్సిన పని లేదు. స్టాఫిలోకాకస్ క్రిమి వేడికి చస్తుంది గానీ, అది వదిలిన విషం మరిగించినా పోదు. 1989లో చైనా నుంచి వచ్చిన పుట్టగొడుగుల డబ్బాలు తిని అమెరికాలో పలుచోట్ల జనం జబ్బుపడ్డప్పుడు, తెరవని డబ్బాల్లో కూడా ఈ విషమే దొరికింది. కుక్కర్లో ఇంకో నాలుగు విజిల్స్ వచ్చినా మీ పులావ్ అలాగే ఉండేది. పైగా ఈ విషం తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు తెస్తుంది. మీకు మూడు గంటలు పట్టింది. అయితే డిశ్చార్జ్ సమ్మరీలో "ఫుడ్ పాయిజనింగ్" అని మాత్రమే ఉంది, ఏం తిన్నారో, ఎన్ని గంటలకు మొదలైందో లేదు. మీ కేసులో బలహీనమైన చోటు ఇదే. ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి పూర్తి కేస్ షీట్ కాపీ అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన ఉంది. చేర్చుకున్న రాత్రి డ్యూటీ డాక్టర్ రాసుకున్న నోట్‌లో "పుట్టగొడుగుల పులావ్" అన్న రెండు మాటలు ఉంటే చాలు, సగం వాదన అక్కడే అయిపోతుంది.

కంపెనీ సంగతికి పోయే ముందు దగ్గర్లో ఉన్న డబ్బు చూద్దాం. ఇన్సూరెన్స్ వాళ్లు 70,800 ఎందుకు కోశారో మీలో ఎవరూ చదివినట్టు లేదు. మీ పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 3,000, మీరు తీసుకున్న గది 5,000. ఇలాంటప్పుడు గది అద్దెతో పాటు డాక్టర్ ఫీజు లాంటివి కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. కానీ మందులకు, ల్యాబ్ పరీక్షలకు, ఐసీయూ చార్జీలకు ఆ కోత వర్తించదని ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. సెటిల్‌మెంట్ లెటర్ ముందేసుకుని, పెన్సిల్‌తో ఒక్కో లైను టిక్ పెట్టండి. ల్యాబ్ బిల్లులో కోత కనిపిస్తే రాతపూర్వకంగా అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి తగాదాలు తేల్చే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, ఫీజు లేదు. డిశ్చార్జ్ తర్వాతి 8,200 కూడా చాలా పాలసీల్లో వస్తుంది, గడువు ఎన్ని రోజులో చూసి వెంటనే పెట్టండి. ఇక్కడ వచ్చిన ప్రతి రూపాయీ ఆ 88,000లోంచి తీసేయాలి. ఇన్సూరెన్స్ కట్టిన సంగతి ఎక్కడా దాచొద్దు.

ఇక కేసు. మీలాంటి వాళ్లకు నేను చెప్పే దారి జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక కోరే పరిహారం ఎంతన్నది కాకుండా, సరుకుకు మీరు కట్టిన ధరను బట్టే ఫీజు, స్థాయి తేలుతాయి. 5 లక్షల లోపు ధరకు ఫీజు లేదు. మీరు కట్టింది 290 రూపాయలు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. వినియోగదారుల కేసుల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-జాగృతిలో ఇంట్లో కూర్చునే వేయొచ్చు. గడువు రెండేళ్లు. డబ్బా కొన్నది మీరు, దెబ్బతిన్నది అత్తమ్మ గారు. కొన్నవారి సమ్మతితో వాడినవాళ్లు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే కాబట్టి ఇద్దరి పేర్లూ ఫిర్యాదులో పెట్టండి. సరుకులో తయారీ లోపం ఉంటే తయారీదారు బాధ్యుడని 84వ సెక్షన్ చెబుతోంది. వేసే ముందు కంపెనీకి, సూపర్‌మార్కెట్‌కి లెక్కంతా రాసి, 15 రోజుల గడువిచ్చి, స్పీడ్ పోస్ట్‌లో నోటీసు పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసినా కొన్ని కంపెనీలు దిగొస్తాయి.

లాయర్ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. పాఠం చెప్పే మనిషి, తేదీల వారీగా రెండు పేజీలు రాయలేరా? లాయర్ని పెట్టుకుంటే మాత్రం ఫీజు ముందే మాట్లాడుకోండి. వచ్చినదాంట్లో 30 శాతం అనే బేరం మన దేశంలో లాయర్లకు నిషిద్ధం, బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. ఆ మాట అన్నాయనకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

మూడు నెలల్లో, ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం. వాయిదాలు ఆ లెక్కన నడవవు. పాడైన ఫ్రిజ్ మీద కేసు వేసిన నా క్లయింట్ ఒకాయన రెండేళ్లు తిరిగాడు. గెలిచాడు, కానీ ఈలోగా కొత్త ఫ్రిజ్ కొనుక్కున్నాడు. అందుకే రాబోయే పరిహారాన్ని మీ ఇంటి లెక్కలో సున్నాగా వేసుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. ఆహార భద్రత చట్టం 65వ సెక్షన్ కింద, ఆహారం వల్ల తీవ్రమైన హాని జరిగితే 3 లక్షల వరకు, మామూలు హానికి లక్ష వరకు, ప్రాణం పోతే కనీసం 5 లక్షలు ఇప్పించొచ్చు. ఇది మీరు నేరుగా నడిపే కేసు కాదు, అధికారులు కదలాలి. కాబట్టి మీ పని జిల్లా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు ముద్ర వేయించుకోవడం. డబ్బా పరీక్షకు ఇవ్వాల్సి వస్తే పంచనామా (సాక్షుల ముందు రాసే స్వాధీన పత్రం) లేకుండా చేతిలో పెట్టి రాకండి. కొన్నవాళ్లు సొంత ఖర్చుతో పరీక్ష చేయించుకునే వీలు కూడా చట్టంలో ఉంది. సరుకు చెడ్డదని తేలితే ఆ ఫీజు తిరిగిస్తారు.

మీ తమ్ముడికి నా మాటగా చెప్పండి: అక్కడ జ్యూరీలు ఉంటాయి, వాటా మీద పనిచేసే లాయర్లు ఉంటారు, ఇక్కడ అవి లేవు. ఆ మాటకొస్తే అక్కడ కూడా బాధ్యత తేలగానే డబ్బు చేతికి రాదు. 1971లో బాన్ వివాన్ అనే న్యూజెర్సీ కంపెనీ సూప్ డబ్బా తిని ఒకాయన బొటులిజంతో (నరాలను పడగొట్టే ఒక రకం ఆహార విషంతో) చనిపోయాడు, ఆయన భార్య మంచాన పడింది. సరుకు వెనక్కి తీసుకున్న నెల తిరక్కుండానే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అందుకే ఫిర్యాదులో తయారీదారు ఒక్కరినే కాక, లేబుల్ మీద పేరున్న మార్కెటింగ్ కంపెనీని, సూపర్‌మార్కెట్‌ని కూడా ప్రతివాదులుగా చేర్చండి. షాపు బాధ్యత ఎంతవరకో కమిషన్ తేలుస్తుంది, ముందే మీరు వదిలేయకండి.

గొలుసు సంగతి. ఆర్‌డీ మీద 6.5 శాతం వస్తోంది, బంగారం మీద 12 శాతం కడుతున్నారు. బాబు చదువుకని పెట్టింది ముట్టుకోవద్దనే మనసు నాకు తెలుసు, కానీ ఆ డబ్బు ఇప్పుడు ప్రతి నెలా కొంచెం కొంచెం ఓడిపోతోంది. ఆర్‌డీ మూసేసి 45,000 అప్పుకు కట్టేయండి. మిగిలే 15,000కు నెల వడ్డీ 150కి దిగుతుంది, ఐదారు నెలల్లో జీతంలోంచి తీరుతుంది. ఆ తర్వాత అదే కంతు మళ్లీ బాబు పేరు మీదికి మళ్లించండి. రేపు అత్తమ్మ గారికి మళ్లీ ఏదైనా అవసరమొచ్చినా ఇంట్లో ఉన్న గొలుసే ఆదుకుంటుంది.

సంతకం పెట్టాలా అన్న అసలు ప్రశ్నకు: 40,000కు వద్దు. క్రియాటినిన్ మామూలుకు వచ్చిందని డాక్టర్ రాసిచ్చాక కంపెనీ 1,25,000 దాకా వస్తే, బ్యాంకు ఖాతాలో డబ్బు పడ్డాకే సంతకం అన్న షరతుతో నేనైతే ఒప్పుకుంటాను. రెండేళ్ల తర్వాత వచ్చే రెండు లక్షల కంటే అదే నాకు నచ్చుతుంది. క్రియాటినిన్ తగ్గకపోతే ఈ అంకె మర్చిపోండి, నేరుగా కమిషన్‌కి వెళ్లండి. ఆ కంపెనీ మనిషి మళ్లీ వస్తే "లెటర్‌హెడ్ మీద రాసి పంపండి, చూసి చెప్తాం" అని ఒక్క మాట అనండి, టీ ఇచ్చి పంపేయండి.

డబ్బా ఎక్కడ పెట్టారో ఇంట్లో అందరికీ, ముఖ్యంగా అత్తమ్మ గారికి చెప్పి ఉంచండి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు పాత డబ్బా అని ఆమే తీసి పారేస్తారు.