స్కోర్లు తగ్గాయి సరే, దేనితో పోల్చారు?

మీ సెషన్లతో విద్యార్థుల ఆందోళన తగ్గిందన్న ఫలితాన్ని మీ గైడ్ ఒప్పుకోలేదని రాశారు. దానికి కారణం చాలావరకు ఒకటే, పోల్చడానికి ఇంకో గుంపు లేదు. 6 వారాల కంప్యూటర్ గ్రూప్ సెషన్ల తర్వాత జీఏడీ-7 (ఏడు ప్రశ్నలతో ఆందోళనని కొలిచే ప్రశ్నావళి) సగటు స్కోరు 14 నుంచి 8కి దిగిందన్నారు, కానీ మీరు విశాఖ ఎంవీపీ కాలనీ హాస్టళ్ల పిల్లల్ని చేర్చుకున్నది సెమిస్టర్ పరీక్షల ముందు, చివరి స్కోరు తీసుకున్నది పరీక్షలయ్యాక. టెన్షన్ బాగా ఎక్కువైనప్పుడు చేరినవాళ్లకి ఏ చికిత్సా లేకపోయినా కొంత తగ్గుతుంది.

ఈసారి ఇలా చేయండి:

1. సగం మందిని 6 వారాలు వెయిటింగ్‌లో ఉంచండి. లాటరీతోనే తేలాలి, చీటీలు సెషన్లు నడిపే మీరు తీయకూడదు.

2. రెండు వైపులా ఒకే వారంలో స్కోరు తీసుకోండి. మధ్యలో మానేసినవాళ్లనీ లెక్కలో ఉంచండి.

3. అందరూ మర్చిపోయేది ఇదే: ఒకే గ్రూపులో కూర్చున్న ఆరుగురిని ఆరు విడివిడి ఫలితాలుగా లెక్కపెట్టకూడదు. ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు అభ్యాసం చేసినా, ఒకరి ధైర్యం పక్కవాళ్లకి వస్తుంది, ఒకరు ముడుచుకుంటే మిగతావాళ్లూ నోరు విప్పరు. రెండు గుంపుల సగటుల్ని పోల్చే మామూలు టీ-టెస్ట్ దీన్ని పట్టించుకోదు, అందుకే విశ్లేషణలో గ్రూపు నంబరు కూడా పెట్టాలి. ఒకే గ్రూపువాళ్ల స్కోర్లు ఎంతగా కలుస్తాయో చెప్పే సంఖ్య (ఐసీసీ) 0.05 అనుకుంటే 1 + (6 − 1) × 0.05 = 1.25, చికిత్స వైపు ఉన్న 24 మందిని దీనితో భాగిస్తే దాదాపు 19 మందితో సమానం. ఎంతమంది కావాలో ముందే ఇలా లెక్కేసుకోండి.

వెయిటింగ్‌లో ఉన్నవాళ్లని మాత్రం వదిలేయకండి, దయచేసి. స్కోరు 15 లేదా ఆపైన ఉంటే అది తీవ్రమైన ఆందోళన, వాళ్లని లాటరీలో పెట్టకుండా నేరుగా మన ప్రభుత్వ మానసిక వైద్యశాలకి పంపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు మొదటి రోజే అందరికీ ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.