నాన్న వాచీ వయసు ఆ నంబరు చెబుతుందా?

ప్రశ్న: మా నాన్న 1981లో కువైట్ నుంచి వస్తూ రోలెక్స్ డేట్‌జస్ట్ తెచ్చుకున్నారు. ఆయన పోయాక బీరువాలో ఉండిపోయింది. ఈమధ్య ఒక షాపులో చైను ఊడదీసి చూస్తే ఒకవైపు 16014, ఇంకోవైపు 62తో మొదలయ్యే ఏడంకెల నంబరు కనిపించాయి. ఆ షాపాయన నెట్‌లో కొట్టి చూసి 1980 నాటిది, ఒరిజినలే అన్నాడు. ఇంకొకాయన డయల్ మీద అనుమానంగా ఉందన్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: అమ్మా, ముందు టెన్షన్ పెట్టుకోకండి, మీరు రాసిన లెక్కలు బాగానే కుదురుతున్నాయి. 12 గంటల వైపు ఉండేది మోడల్ నంబరు, 6 గంటల వైపు ఉండేది సీరియల్ నంబరు. 62 లక్షల సిరీస్ అంటే 1979, 80 ప్రాంతం, మీ నాన్నగారు 81లో కొన్నారంటే సరిపోయింది. కాకపోతే నెట్‌లో దొరికే ఆ పట్టికలు కంపెనీ విడుదల చేసినవి కావు, వాచీలు సేకరించేవాళ్లు వేల వాచీలు, బిల్లులు పక్కపక్కన పెట్టుకుని కూర్చినవి. ఏడాది అటూ ఇటూ అవుతుంది. అసలు సంగతి ఇంకోటుంది, ఆ నంబరు చెప్పేది బయటి స్టీలు బాడీ వయసే. లోపలి మెషిన్, డయల్, ముళ్లు దాంతోపాటు పుట్టినవో, మధ్యలో వచ్చి చేరినవో దానికి తెలియదు. డూప్లికేట్ చేసేవాడికి ఒక అసలు నంబరు దొరికితే చాలు, వెయ్యి వాచీల మీద అదే కొట్టేస్తాడు. అందుకే నంబరు ఒక్కదాన్ని చూసి ఒరిజినల్ అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను.

మీ ఇంట్లోనే రెండు పరీక్షలు చేయొచ్చు. 16014లో ఉండాల్సింది 3035 అనే మెషిన్. ఆ వాచీకి కీ మర విప్పి ఒక మెట్టు బయటికి లాగి తిప్పితే ముళ్లు కదలకుండా తేదీ ఒక్కటే టకటకా మారాలి. నా దగ్గరికొచ్చిన ఒక వాచీ మీద ఇదే 16014 ఉంది, తేదీ మారాలంటే మాత్రం ముళ్లను అర్ధరాత్రి దాటించి తిప్పాల్సి వచ్చింది. మూత తీస్తే లోపల అంతకుముందు తరం మెషిన్! సీరియల్ నంబరు మాత్రం నిజమైనదే. మీరు చూసేటప్పుడు ఒక జాగ్రత్త, ముళ్లు రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య ఉంటే ఈ పని చేయకండి, ముందు ఆరు గంటలకు తెచ్చి అప్పుడు తేదీ తిప్పండి.

ఇక డయల్. భూతద్దం పెట్టి 6 గంటల గుర్తు కింద అంచున చూడండి. రాత్రి మెరిసే చుక్కలున్న ఆ కాలం డయల్ అయితే స్విస్ అన్న మాటకు ఇటూ అటూ ఇంగ్లిష్ టి అక్షరం ఉండాలి, ట్రిటియం అనే రేడియోధార్మిక పదార్థం పూశారని దాని అర్థం. ట్రిటియం శక్తి పన్నెండేళ్లకోసారి సగం అవుతుంది, నలభై ఏళ్లు దాటిన వాచీ చీకట్లో మెరవకపోవడమే సహజం. కరెంటు పోయినప్పుడు మీ వాచీ పచ్చగా వెలిగిపోతుంటే డయల్ తర్వాత మార్చారన్నమాట. సర్వీసింగ్‌లో కంపెనీవాళ్లే కొత్త డయల్ వేసి ఉండొచ్చు, అది దొంగతనమేమీ కాదు, పాతవి సేకరించేవాళ్లు ఇచ్చే ధర తగ్గుతుందంతే. గ్లాసు మీద గీతలున్నాయని దిగులు పడొద్దు, ఆ మోడల్‌కు వేసింది యాక్రిలిక్, గీతలు పడతాయి. పైన గాళ్లుగా ఉన్న అంచు మాత్రం స్టీలు కాదు, తెల్ల బంగారం. పాలిష్ చేసి కొత్తదానిలా ఇస్తామని ఎవరన్నా దయచేసి ఇవ్వకండి. గాళ్లు అరిగిపోతే మళ్లీ రావు.

ప్రశ్న: 2015 నాటి సెకండ్ హ్యాండ్ రోలెక్స్ కొనబోతున్నాను. నంబరులో అక్షరాలు, అంకెలు కలిసిపోయి ఉన్నాయి, ఏ పట్టికలోనూ దొరకడం లేదు. ఫస్ట్ కాపీయా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: దొరకదు. 1987 నుంచి నంబరుకు ముందు ఒక అక్షరం వచ్చేది, దాన్నిబట్టి సంవత్సరం పట్టుకునేవాళ్లం. 2010 దగ్గర్నుంచి అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా వేస్తున్నారు, అందులో సంవత్సరం ఆనవాలే ఉండదు. నంబరు కూడా ఇప్పుడు చైను కింద కాదు, గ్లాసు లోపలి రింగు మీద 6 గంటల దగ్గర ఉంటుంది. ఆ గీతలు సన్నగా, తెగినట్టు, వెలుగులో తళుక్కుమనాలి. ఇసుక రాసినట్టు గరుగ్గా, మసకగా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. వారంటీ కార్డులోని నంబరుతో ప్రతి అక్షరం సరిచూసుకోండి, కార్డు మీది తేదీ అమ్మిన తేదీయే గాని తయారైన తేదీ కాదు. డబ్బు కట్టేముందు మీకు నమ్మకమున్న వాచీ మెకానిక్‌తో వెనక మూత తీయించి చూపించమనండి, ఒప్పుకోకపోతే అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.