పాఠకుల ప్రశ్నలు: తాతగారి షికారు, గోడమీద కొమ్ములు

ప్రశ్న: మా తాతగారు పెద్ద వేటగాడని ఇంట్లో అందరూ చెప్తారు. పండక్కి కలిస్తే చాలు, మా పెదనాన్న "మా నాయన ఒక్క తూటాకి కృష్ణజింకని పడేసిండు" అని మొదలుపెడతాడు. చెక్కకి బిగించిన కొమ్ముల జత ఇప్పటికీ హాల్లో ఉంది, పాయలు పాయలుగా. ఇవన్నీ రాసిపెడదామంటే మా పిల్లలు "ఛీ, జింకని చంపాడా" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
(పాఠకురాలు, వనపర్తి)

జవాబు: మీ పెదనాన్నతో చిన్న పేచీ తప్పదమ్మా. కృష్ణజింక కొమ్ములకి పాయలుండవు, మెలికలు తిరుగుతూ పైకి పోతాయి, పైగా అవి ఏటేటా రాలేవి కావు. మీ ఇంట్లోవి పాయలున్నవి అంటున్నారు కాబట్టి అది చుక్కల దుప్పిదో కణితిదో (సాంబర్ అనే పెద్ద దుప్పి) అయ్యుంటుంది, బాగా లావుగా గరుకుగా ఉంటే కణితి అనుకోండి. ఈ రెండిటికీ కొమ్ములు రాలి మళ్లీ మొలుస్తాయి. అందుకే చెక్క విప్పి అడుగు చూడండి, పుర్రె ఎముక అంటుకుని ఉంటే చచ్చిన జంతువుది, అడుగున గుండ్రటి బుడిపెలా ముగిసిపోయి ఉంటే అడవిలో రాలినదాన్ని తాతగారు ఏరుకొచ్చినట్టు. (ఈ సంగతి పెదనాన్నకి భోజనాలయ్యాక చెప్పండి.)

కథలు మాత్రం తప్పకుండా రాయండి. కాకపోతే ఒక్క తూటా కథ అందరి ఇళ్లలోనూ ఉంటుంది, దాన్ని కాస్త పక్కనపెట్టి మిగతావి అడగండి. తుపాకి ఎవరిది, లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, నడిచి పోయారా, లేక రాత్రిపూట జీపేసుకుని లైట్లు కొట్టి కళ్లు మెరిసిన చోట కాల్చారా, మాంసం పోగులు ఎవరు పెట్టారు, ఎవరికి ఏ భాగం పోయింది, మిగిలింది వట్టి తునకలు చేసి ఎన్నాళ్లు దాచుకున్నారు, అవి కోసి ఉప్పు కారం పట్టించి ఎండబెట్టిన నానమ్మ ఏమనేది. ఇంకోటి, పొదలు కొట్టి జంతువుని తోలిన మనుషులుంటారు కదా, మనవాళ్ల కథల్లో వాళ్ల పేర్లు ఎప్పుడూ రావు, పెదనాన్నకి గుర్తుంటే ముందు అవి రాయించుకోండి.

పిల్లలకి ఆ కాలం ఎలా ఉండేదో చెప్పండి చాలు, తాతని వెనకేసుకు రానక్కర్లేదు. వన్యప్రాణి చట్టం వచ్చిందే 1972లో, అంతకుముందు షికారు కొందరికి హోదా, కొందరికి కూర. హైదరాబాద్‌లో హరిణ వనస్థలి ఉందే, అది ఒకప్పుడు నిజాం వేట మైదానం, అక్కడే ఇప్పుడు కృష్ణజింకల్ని కాపాడుతున్నారు. పిల్లల్ని తీసుకెళ్తే పెదనాన్నని కూడా తీసుకెళ్లండి, కొమ్ముల గొడవ అక్కడే తేలిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో కూడా తాతల నాటి దుప్పి కొమ్ములున్నాయి, కాగితాలేం లేవు. ఆన్‌లైన్‌లో అమ్మొచ్చా?
(పాఠకుడు, ఖమ్మం)

జవాబు: వద్దు బాబూ, ఫొటో కూడా పెట్టకండి. ఇలాంటివి ఇంట్లో ఉన్నవాళ్లు ప్రభుత్వానికి చెప్పుకుని సర్టిఫికెట్ తీసుకోవాలని చట్టం, 2003లో ఇంకోసారి 180 రోజుల గడువు కూడా ఇచ్చారు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోపు అటవీ శాఖలో వన్యప్రాణుల సంగతి చూసే పెద్ద అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి తెలపాలి. సర్టిఫికెట్ ఉండి మాకొద్దు అనుకునేవాళ్లు అప్పగించేయొచ్చని 2022 సవరణలో పెట్టారు, డబ్బులేం రావు. మీకు అసలు కాగితమే లేదు కాబట్టి ముందు ఒక లాయర్ని కలిసి, ఆయన చెప్పినట్టు ఫారెస్టు ఆఫీసుకి వెళ్లండి. రాలిపోయిన కొమ్మే కదా అంటే కుదరదు, దాన్ని అమ్మడం కూడా నేరమే.

ప్రశ్న: తాత జింకని కొడితే వీరుడంట, నా కంది చేనులో మందలు మందలుగా పడి మేస్తుంటే నేను మాత్రం చెయ్యెత్తకూడదా?
(రైతు, నారాయణపేట జిల్లా)

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, కృష్ణా తీరం పొలాల్లో ఆ బాధ నిజమే. కానీ కృష్ణజింక వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే గట్టి రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది, చంపితే తక్కువలో తక్కువ మూడేళ్ల జైలు. కంచెకి కరెంటు మాత్రం పెట్టకండి, రాత్రి నీళ్లు కట్టడానికి పోయే మనిషి కూడా దానికే పోతాడు. చేను మేసిన రోజే ఫొటోలు తీసి, పాస్‌బుక్ జిరాక్స్‌తో నష్టపరిహారం కోసం ఫారెస్టు వాళ్లకి దరఖాస్తు ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి, పక్క చేలవాళ్లని కూడా అదే రోజు ఇవ్వమనండి.