ఆ ఐదు వందల జాబితా ముందు అవతల పడేయండి

"ఫ్రేజల్ వెర్బ్స్ ఎన్నిసార్లు చదివినా గుర్తుండవు. వాటి గ్రామర్ ఏంటి, అర్థం ఎలా పట్టుకోవాలి?" అని అడిగారు. క్రియ వెనక అప్, డౌన్, ఆఫ్ లాంటి చిన్న ముక్క చేరి వేరే అర్థమిచ్చేవే ఫ్రేజల్ వెర్బ్స్. ‘ముఖ్యమైన 500 ఫ్రేజల్ వెర్బ్స్’ అంటూ తిరిగే పీడీఎఫ్‌లున్నాయే, అసలు చిక్కంతా వాటితోనే. అక్షరక్రమంలో పేర్చి బట్టీ పట్టమంటే ఎవరికి మాత్రం వస్తాయి?

మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి ఒకడుండేవాడు. ఇంగ్లీషులో మంచి మార్కులే. కాల్‌లో క్లయింట్ కొటేషన్ గురించి "వుయ్ టర్న్‌డ్ ఇట్ డౌన్" అన్నాడు. టీవీ సౌండ్ తగ్గించడానికీ అదే మాట కదా! రేటు తగ్గించమంటున్నారనుకుని మనవాడు నోట్‌బుక్‌లో ‘తగ్గించాలి’ అని రాసుకుని, కింద రెండు గీతలు కూడా గీశాడు. రాత్రంతా కూర్చుని కొత్త కొటేషన్ తయారుచేశాడు. వాళ్లేమో అసలు వద్దనేశారు. ‘రిజెక్ట్’ అనుంటే చటుక్కున అర్థమయ్యేది. మనం పుస్తకాల్లో చదివేవన్నీ రిజెక్ట్, పోస్ట్‌పోన్, టాలరేట్ లాంటి లాటిన్ మూలాల మాటలే. ఇంగ్లీషువాళ్లు మామూలుగా మాట్లాడుకునే టర్న్ డౌన్, పుట్ ఆఫ్, పుట్ అప్ విత్ దగ్గరికొచ్చేసరికి నోరెళ్లబెడతాం.

గ్రామరంటారా, సగం ఆ క్లయింట్ మాటలోనే ఉంది. ‘ఇట్’ మధ్యలో దూరింది చూశారా? ‘ఇట్’ లాంటి సర్వనామం మధ్యలోనే రావాలి, ‘టర్న్‌డ్ డౌన్ ఇట్’ అనరు. నామవాచకమైతే ‘టర్న్ డౌన్ ది ఆఫర్’, ‘టర్న్ ది ఆఫర్ డౌన్’ రెండూ చెల్లుతాయి. ‘లుక్ ఆఫ్టర్’ (బాగోగులు చూసుకోవడం) లాంటివాటిని మాత్రం విడదీయకూడదు. ‘రన్ అప్ ఎ బిల్’ (బిల్లు పెరిగేలా ఖర్చుపెట్టడం), ‘రన్ అప్ ఎ హిల్’ (కొండ మీదికి పరిగెత్తడం) పైకి ఒకేలా కనిపిస్తాయి. బిల్లుని మధ్యలోకి తెచ్చి ‘రన్ ఎ బిల్ అప్’ అనొచ్చు, కొండని తేలేం. ఎందుకంటే అక్కడ ‘అప్’ జత కట్టింది కొండతో, క్రియతో కాదు.

అర్థం విషయంలో తెలుగువాళ్లు భయపడటమే విచిత్రం. ‘తినేయ్’ అంటాం. అందులో ‘వేయ్’ ఉంది, కానీ ఎవరూ ఎక్కడా ఏమీ వేయరు. మిగల్చకుండా ముగించమని దాని భావం. ‘ఈట్ అప్’లో ‘అప్’ చేసే పనీ అదే. డ్రింక్ అప్, యూజ్ అప్ కూడా అంతే. అందుకే నేను క్రియల వారీగా కాదు, వెనకొచ్చే ఆ చిన్న ముక్కల వారీగా నేర్చుకోమంటాను. చాలావాటి అర్థం దానంతటదే తెలిసిపోతుంది. ‘గివ్ అప్’ (వదిలేయడం) లాంటి మొండివి కొన్ని వాక్యంతో సహా గుర్తుపెట్టుకోవాల్సిందే.

‘గెట్’ జోలికి నేనింకా పోలేదు. దానికి వేరే ప్రశ్న వేయండి, తీరిగ్గా తిట్టుకుందాం.