రక్షణ ఖర్చు తగ్గిస్తే మన పన్నులు తగ్గుతాయా?

తగ్గినా పెద్దగా తగ్గవు. మన హైదరాబాద్ ఆఫీసుల్లో టీ దగ్గర ఈ వాదన మొదలైతే అందరూ మిలిటరీ మీదే పడతారు గానీ, అసలు బరువు వడ్డీలది.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు సుమారు 6.81 లక్షల కోట్లు. పాత అప్పుల మీద వడ్డీలకే 12.76 లక్షల కోట్లు, అంటే దాదాపు రెట్టింపు. పైగా రక్షణ పద్దు అంతా ఆయుధాలకే అనుకోవద్దు. అందులో 1.6 లక్షల కోట్లు మాజీ సైనికుల పెన్షన్లు, వాటిని కోయడం కుదరదు. జీతాలదీ అదే కథ. ఇక ప్రధానంగా మిగిలేది ఆయుధాలు, పరికరాల కొనుగోళ్లు. అక్కడ కోస్తే ఆ దెబ్బ మన కంచన్‌బాగ్‌లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని లాంటి ప్రభుత్వ సంస్థల ఆర్డర్ల మీదా పడుతుంది.

ఇంకో చిక్కుంది. ఆ బడ్జెట్ ప్రకారం కేంద్రానికి వచ్చే ప్రతి రూపాయిలో 24 పైసలు కొత్త అప్పే. కాబట్టి ఎక్కడైనా కాస్త మిగిలినా ముందు ఆ అప్పు తగ్గించుకోవాలి, పన్ను రాయితీ ఆ తర్వాతి మాట. అలాగని అప్పంతా తప్పని నేననను. రోడ్డుకో రైలుకో తెచ్చిన అప్పు రేపు ఆదాయం తెస్తుంది. రోజువారీ ఖర్చులకు తెచ్చిందే మళ్లీ వడ్డీ రూపంలో మన నెత్తిన కూర్చుంటుంది.