వీపీఎన్ కలుస్తోంది, గేట్‌వే మీదుగా పంపగానే నెట్ పోతోంది: మాకు జరిగింది, మేం చేసింది

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి ఓపెన్‌వీపీఎన్‌లో (ఇంటి కంప్యూటర్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్) ఆఫీసు సర్వర్లు బాగానే అందుతున్నాయి. క్లయింటు తన సైట్లకి మీ ఆఫీసు ఐపీని మాత్రమే వైట్‌లిస్ట్ చేశాడు (అంటే అక్కణ్ణుంచి వస్తేనే రానిస్తాడు) కాబట్టి ఇంటి నుంచి పనిచేసేవాళ్ళ ఇంటర్నెట్ అంతా ఆఫీసు గేట్‌వే (ఆఫీసు నెట్‌వర్క్‌ని బయటి ఇంటర్నెట్‌కి కలిపే మెషీన్) మీదుగా పంపాలని రీడైరెక్ట్-గేట్‌వే డెఫ్1 అనే సెట్టింగ్ పెట్టారు. పెట్టగానే అందరికీ నెట్ పోయింది.

2020 మార్చి చివర్లో మాకూ అచ్చం ఇలాగే అయిందండీ. లాక్‌డౌన్ మాట వినగానే మా టీములో సగం మంది బెంగళూరు వదిలి అనంతపురం, నెల్లూరు, ఒంగోలు వెళ్ళిపోయారు. నేను వైట్‌ఫీల్డ్ పీజీ గదిలోంచే గేట్‌వే చూసుకోవాల్సి వచ్చింది.

మీరు పెట్టిన లైనులో తప్పేం లేదు. డెఫ్1 పాత డిఫాల్ట్ రూట్‌ని (వేరే దారి చెప్పని ట్రాఫిక్ అంతా వెళ్ళే దారి) తీసెయ్యదు. 0.0.0.0/1, 128.0.0.0/1 అని చెరో సగం అడ్రసులకి రెండు రూట్లు అదనంగా వేస్తుంది. అవి డిఫాల్ట్ కన్నా స్పెసిఫిక్ కాబట్టి ట్రాఫిక్ టన్నెల్‌లోకి, అంటే వీపీఎన్ దారిలోకి పోతుంది. వీపీఎన్ సర్వర్ పబ్లిక్ ఐపీకి మాత్రం పాత దారే ఉంచుతుంది. అంటే యూజర్ వైపు పని అయిపోయినట్టే, చూడాల్సింది గేట్‌వేని.

ఒక యూజర్‌తో 8.8.8.8కి పింగ్ కొట్టించి, గేట్‌వేలో టీసీపీడంప్ (వచ్చేపోయే ప్యాకెట్లు చూపించే టూల్) పెట్టి చూడండి. టన్0 (వీపీఎన్ వైపు ఇంటర్‌ఫేస్) మీద రిక్వెస్ట్ వచ్చి ఇంటర్నెట్ వైపు నెట్‌వర్క్ కార్డు మీద ఏమీ కనపడకపోతే ఐపీ ఫార్వర్డింగ్ (ఒకవైపు వచ్చిన ప్యాకెట్‌ని ఇంకోవైపు పంపడం) ఆఫ్‌లో ఉన్నట్టు, లేదా ఫైర్‌వాల్ ఫార్వర్డ్ చెయిన్‌లో ఆపేస్తున్నట్టు. మా దగ్గర ప్యాకెట్ బయటికి కూడా పోతోంది. కానీ సోర్స్ దగ్గర ఇంకా 10.8.0.6 అనే, అంటే వీపీఎన్ యూజర్‌కి ఇచ్చిన ప్రైవేటు అడ్రసే ఉంది. లైను తర్వాత లైను రిక్వెస్టులే, ఒక్క రిప్లై లేదు. ప్రైవేటు అడ్రసుకి ఇంటర్నెట్‌లో తిరుగుదారి ఉండదు కదా! ఆఫీసు సర్వర్లు ఎలా అందాయంటే, లోపలి రౌటర్‌లో 10.8.0.0/24కి రూట్ మేమే వేసుకున్నాం. ఐపీటేబుల్స్‌లో న్యాట్ టేబుల్, పోస్ట్‌రౌటింగ్ చెయిన్‌లో ఆ సబ్‌నెట్‌కి మాస్కరేడ్ రూల్ (బయటికెళ్ళే ప్యాకెట్ సోర్స్‌ని గేట్‌వే ఐపీగా మార్చేది) ఒక్కటి వేశాను. "అన్నా, వచ్చేసింది" అంది ఒంగోలు నుంచి మా టెస్టర్ ఫోన్లో. ఆ రూల్ సేవ్ చెయ్యడం మరిచిపోకండి, రీబూట్ అయితే పోతుంది.

తర్వాత ఇద్దరు ముగ్గురికి ఐపీతో పింగ్ వెళ్తోంది, పేరుతో వెళ్ళట్లేదు. వాళ్ళ లాప్‌టాప్‌లలో ఇంటి నెట్ కంపెనీ డీఎన్ఎస్ (సైటు పేరుకి ఐపీ చెప్పే సర్వర్) అడ్రసే ఉంది. ఆ సర్వర్ తన కస్టమర్లకే జవాబిస్తుంది, ఇప్పుడు ప్రశ్న మా ఆఫీసు ఐపీ నుంచి వస్తోంది. వీపీఎన్ సర్వర్ నుంచి డీఎన్ఎస్ అడ్రసు కూడా పుష్ చేస్తే (యూజర్ మెషీన్లకి పంపితే) సరిపోయింది.

మొబైల్ హాట్‌స్పాట్ వాడేవాళ్ళ దగ్గర ఐపీవీ6 (ఐపీవీ4 తర్వాత వచ్చిన కొత్త రకం ఐపీ అడ్రసులు) చూడండి. డెఫ్1 ఒక్కటే పెడితే మళ్ళేది ఐపీవీ4 మాత్రమే. సైటుకి ఐపీవీ6 ఉంటే బ్రౌజర్ టన్నెల్ బయటినుంచే వెళ్ళిపోతుంది, క్లయింటు లాగిన్ రిజెక్ట్ అవుతుంది.

ఇవన్నీ సర్దుకున్నాక అసలు కష్టం మొదలైంది. మాది 100 ఎంబీపీఎస్ లీజ్‌డ్ లైన్ (ఆఫీసుకే ప్రత్యేకంగా తీసుకున్న ఇంటర్నెట్ లైను). ఇంట్లో ఒకరు చూసే ప్రతి బైటూ ఇంటర్నెట్ నుంచి ఆ లైన్లో లోపలికొచ్చి, మళ్ళీ అదే లైన్లో యూజర్ దగ్గరికి బయటికి పోవాలి. 60 మంది, మనిషికి 2 ఎంబీపీఎస్ వేసుకున్నా 120. పొద్దున 10 గంటల కాల్‌లో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చేవి. దానికితోడు ఎవరి విండోస్ అప్‌డేట్లు వాళ్ళవి. మీది మామూలు బ్రాడ్‌బ్యాండ్ అయితే అప్‌లోడ్ ఇంకా తక్కువ, ముందు అదే నిండుతుంది.

అందుకే నా మాట వినండి, మీకు కావాల్సింది క్లయింటు సైట్లు ఆఫీసు ఐపీ నుంచి తెరుచుకోవడమే అయితే అన్నీ గేట్‌వే మీదుగా లాగొద్దు. క్లయింటు దగ్గర వాళ్ళ ఐపీ రేంజిల జాబితా అడిగి తీసుకోండి, ఆ రూట్లు మాత్రం పుష్ చెయ్యండి. మాస్కరేడ్ ఎలాగూ ఉండాలి. మేం నాలుగు రూట్లతో సరిపెట్టాం, ఆ వారమే కాల్స్ బాగుపడ్డాయి. క్లయింటు సైటు సీడీఎన్ (సైటుని చాలాచోట్ల సర్వర్ల నుంచి అందించే సర్వీసు) వెనక ఉండి ఐపీలు మారుతూ ఉంటే మాత్రం ఈ పద్ధతి నిలవదు. అప్పుడు పూర్తి టన్నెలే దిక్కు, లైను పెంచుకోవాల్సిందే.

పూర్తి టన్నెల్ తప్పదంటే ఇంకో పని చెయ్యండి. బయటివాళ్ళకి అందరూ ఒకే ఐపీలా కనపడతారు కాబట్టి ఏ 10.8.0.x ఏ టైములో ఎవరిదో లాగ్‌లో ఉండాలి. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం కంపెనీలు సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. అలాగే ఆన్ చెయ్యకముందే మీవాళ్ళకి మెయిల్ పెట్టండి: వీపీఎన్ ఆన్‌లో ఉన్నంతసేపూ బ్యాంకు పనైనా, డాక్టర్ అపాయింట్‌మెంట్ అయినా ఆఫీసు గేట్‌వే మీదుగానే వెళ్తుందని, పని అయ్యాక డిస్‌కనెక్ట్ చేసుకోమని. మేం ఆ మెయిల్ రెండు వారాలు ఆలస్యంగా పంపాం. మా టెస్టర్ "ముందే చెప్పాల్సింది అన్నా" అంది. ఆ అమ్మాయి అన్నది నిజమే.